ఎంపీ నిధులు పూర్తిగా ఎత్తేస్తే ఊళ్లకి లాభమా, నష్టమా?

కాల్వగట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది సాగర్ కాల్వ కింద ఊరు. మా జిల్లా పరిషత్ హైస్కూలుకి ముందు గోడా గేటూ ఉన్నాయి, రెండు పక్కలా ఇళ్ల గోడలే అడ్డం. వెనకవైపు మాత్రం దగ్గర దగ్గర వంద మీటర్లు ఖాళీ. ఆ ఖాళీ దాటితే మేజరు కాల్వ గట్టు. కాల్వకి నీళ్లొచ్చే నెలల్లో ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే ఒక మాస్టారు వెళ్లి గట్టు మీద నిలబడతారు. నేను చదివిన రోజుల్లోనూ అంతే. ఇప్పుడు మా అక్క కూతురు అక్కడే ఎనిమిదో తరగతి, ఇప్పుడూ అంతే.

2019 చివర్లో హెడ్మాస్టరు గారు, ఊరి పెద్దలు కలిసి ఎంపీ గారి దగ్గరికి వెళ్లి వెనక గోడ కట్టించమని అడిగితే, ఎంపీ నిధుల్లోంచి ఇవ్వమని జనవరిలో సిఫారసు లెటర్ ఇచ్చారు. ఎంపీ నిధులంటే, తన నియోజకవర్గంలో చిన్న చిన్న పనులకి ఎంపీ సిఫారసు చేసే కేంద్రం డబ్బు. ఇంజనీర్లు వచ్చి టేపు పట్టుకుని కొలిచారు. 11 లక్షల 40 వేలకి ఎస్టిమేట్ వేశారు. మంజూరు కాగితం చేతికి రాకముందే, 2020 ఏప్రిల్ 6న, కేంద్ర కేబినెట్ ఎంపీ నిధులను రెండేళ్లపాటు ఆపేసింది. ఆ రెండేళ్ల డబ్బు 7,900 కోట్లు, కరోనా ఖర్చు కోసం ఖజానాలో కలిపేశారు. ఆ రోజు నేను కూడా మంచి పనే చేశారు అనుకున్నాను. ఆసుపత్రుల్లో మంచాలు సరిపోతాయో లేదో అని దేశమంతా టెన్షన్ పడుతున్న రోజులవి.

2021 నవంబరులో పథకాన్ని మళ్లీ మొదలుపెట్టారు. మిగిలిన ఆ ఏడాదికి ఒక్కో ఎంపీకి 2 కోట్లు, తర్వాతి ఏడాది నుంచి యథాప్రకారం 5 కోట్లు. కానీ మా లెటర్ అప్పటికి పాతబడింది, సిమెంటు, ఇనుము రేట్లు మారాయి, ఎస్టిమేట్ మళ్లీ వేయాలన్నారు. ఇక ఎవరూ గట్టిగా వెంటపడలేదు. ఏటా బడి తెరిచే ముందు తల్లిదండ్రులమే తుమ్మకంప కొట్టి తెచ్చి అడ్డం వేస్తున్నాం. సంక్రాంతి వచ్చేసరికి కంప ఎండి విరిగిపోయి, మధ్యలో మనిషి పట్టే సందులు పడతాయి.

మొన్న పండక్కి ఇంట్లో దీని మీద పెద్ద వాదన జరిగింది. బ్యాంకులో చేసి రిటైరైన మా బాబాయి ఈ నిధులు శాశ్వతంగా ఎత్తేయాలంటారు. చట్టాలు చేయాల్సిన ఎంపీకి బస్ షెల్టర్లతో ఏం పని అన్నది ఆయన మాట. మా నాన్న అయితే, అది కూడా లేకపోతే మన ఊరి మొహం చూసేదెవరు అంటారు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపిస్తోంది. ఈ పనులు దగ్గర్నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ డబ్బు కోసేస్తే దేశానికి నిజంగా ఏమైనా మిగులుతుందా? ఊరికి పోయేదేమిటి?

గుంటూరు వకీలు జవాబు:

నేను మీ బాబాయి గారి పక్షం. ఇది నాకు కొత్తగా వచ్చిన ఆలోచన కాదు. రాజ్యాంగం పనితీరు మీద వేసిన వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే ఈ పథకాన్ని ఆపేయమంది. వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడిన రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో ఇచ్చిన నైతికత నివేదికలో ఎంపీ నిధులూ ఎమ్మెల్యే నిధులూ రెండూ రద్దు చేయమంది. మన లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ గారు అప్పుడు ఆ సంఘంలో సభ్యులు.

వాళ్లు చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. ప్రభుత్వం ఖర్చు పెడుతుంది, పార్లమెంటు లెక్క అడుగుతుంది. లెక్క అడగాల్సిన మనిషే ఎక్కడ ఖర్చు పెట్టాలో చెబితే, ఆ పని పాడైనప్పుడు ఎవరిని ఎవరు నిలదీస్తారు? 2005 డిసెంబరులో ఈ నిధుల పనులకి కమీషన్లు అడుగుతూ కొందరు ఎంపీలు రహస్య కెమెరాకి దొరికిపోయారు, అది టీవీలో దేశమంతా చూసింది. అందరూ అలాంటివాళ్లని నేననను. కానీ లెటర్ ఒక మనిషి చేతిలో ఉన్నంతకాలం ఆ లెటర్‌కి ధర కట్టేవాళ్లు పుడుతూనే ఉంటారు.

ఇంకొకటి. ఏడాదికి 5 కోట్లు అంటే అయిదేళ్లకి 25 కోట్లు. ప్రతి పని దగ్గరా ఎంపీ నిధులతో కట్టినట్టు ఫలకం పెడతారు. ఎన్నికల్లో ఆయన మీద నిలబడే కొత్త మనిషికి ఇవేవీ ఉండవు కదా.

సుప్రీంకోర్టు సంగతి కూడా చెప్పాలి. 2010 మే 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం భీంసింగ్ కేసులో ఈ పథకం రాజ్యాంగానికి విరుద్ధం కాదని తీర్పిచ్చింది. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తాడు, మంజూరు చేసేది, డబ్బు చెల్లించేది జిల్లా యంత్రాంగం అన్నది అందులో ముఖ్యమైన మాట. తీర్పుని గౌరవిస్తాను. ఇలాంటి పథకం ఉండొచ్చని మాత్రమే కోర్టు చెప్పింది. ఉంచాలా వద్దా అన్నది ఇప్పటికీ మనం తేల్చుకోవాల్సిందే.

పాత ఏఈ జవాబు:

బాబూ, పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఏఈగానే, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, చివర్లో దాని పై మెట్టు డీఈగా. ఈ పథకం పుట్టినప్పుడు నేను నంద్యాల వైపు ఒక మండలంలో ఉన్నాను. 1993 డిసెంబరు 23న పీవీ గారు పార్లమెంటులో ప్రకటించారు. ఆయన అప్పుడు ప్రధానీ, మా నంద్యాల ఎంపీ కూడా. మొదటి ఏడాది ఒక్కో ఎంపీకి 5 లక్షలే. మరుసటి ఏడాది కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు. అంటే పద్నాలుగేళ్లకి పైగా అదే 5 కోట్లు. ఈ మధ్యలో సిమెంటు బస్తా ధర ఎంత పెరిగిందో మీకు తెలుసు.

ముందు ఈ 5 కోట్లు ఎంతో చూద్దాం. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా ఒక ఎంపీ సీటు కింద ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఒక్కోదానికి 71 లక్షలు. ఆంధ్రలో 25 ఎంపీ సీట్లకి 13 వేలకు పైగా పంచాయతీలు, అంటే సీటుకి 500 పైమాటే. పంచాయతీలన్నిటికీ సమానంగా పంచితే ఊరికి లక్ష కూడా రాదు. జనాభా లెక్కన మనిషికి ఏడాదికి ఇంచుమించు 25 రూపాయలు. దేశం మొత్తం మీద ఏడాదికి దాదాపు 3,950 కోట్లు. కేంద్ర బడ్జెట్ లక్షల కోట్లలో ఉంటుంది కాబట్టి, ఇది కోసేస్తే దేశం అప్పు తీరుతుంది అనేవాళ్ల మాట నమ్మకండి. అక్కడ పెద్దగా మిగిలేదేమీ లేదు.

ఇక ఊరికి పోయేదేమిటో ఒక పని చెబుతాను. అది నా చేతి మీదుగా జరిగింది.

ఒక ఊరు. ఊరికీ ఎస్సీ కాలనీకీ మధ్య ఒక వాగు. బడి ఊరివైపు ఉంది. వానాకాలం ఒక పెద్ద వాన పడితే రెండు మూడు రోజులు కాలనీ పిల్లలు బడికి రారు. పెద్దవాళ్లు పంచెలు ఎగ్గట్టి, చిన్న పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని దాటేవారు. అక్కడ కావాల్సింది వంతెన కాదు, రెండు వరుసల హ్యూమ్ పైపులతో, అంటే పెద్ద సిమెంటు గొట్టాలతో ఒక కల్వర్టు, దానికి రెక్క గోడలు, కింద నేల కోసుకుపోకుండా రాతి పరుపు. ఎస్టిమేట్ 9 లక్షలు దాటలేదు. ఆ 9 లక్షలు ఏ పద్దు కింద తేవాలి అన్నదగ్గర ఏడేళ్లు గడిచిపోయాయి. ప్రధానమంత్రి గ్రామ సడక్‌లో అడిగాం. మైదానంలో 500 జనాభా ఉన్న ఆవాసానికే అర్హత, కాలనీలో 340 మందే. ఉపాధి హామీలో అడిగాం. అక్కడ కూలీకి 60, సామగ్రికి 40 దామాషా. కల్వర్టంటే దాదాపు అంతా సామగ్రే, ఆ మండలంలో సామగ్రి వాటా సీసీ రోడ్లకే అయిపోయింది. పంచాయతీ జనరల్ ఫండ్‌లో వీధి లైట్ల బిల్లుకే డబ్బుల్లేవు.

చివరికి ఎంపీ నిధుల్లో వచ్చింది. ఈ పథకంలో 15 శాతం ఎస్సీలు ఉండే చోట్ల, 7.5 శాతం ఎస్టీలు ఉండే చోట్ల ఖర్చు పెట్టాలని నియమం. ఆ ఏడాది ఎస్సీ వాటా పూర్తి కాలేదని ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, తగిన పని ఏదైనా ఉందా అని. నా దగ్గర ఎస్టిమేట్ సిద్ధంగా ఉంది. ఎంపీ గారి లెటర్, సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు, అన్నీ రెండు నెలల్లో అయ్యాయి. మార్చిలో పునాది తీశాం, మే ఆఖరుకి పైన మట్టి పోసి చదును చేశాం. జూన్‌లో తొలి వానకి నేను గొడుగు పట్టుకుని అక్కడికి వెళ్లి నిలబడ్డాను. పైపుల్లోంచి ఎర్రనీళ్లు ఉరుకుతున్నాయి, పైన ఆడపిల్లలు పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్తున్నారు. నా ఉద్యోగంలో ఎన్నో కోట్ల పనులకి ఎం.బుక్ (పని కొలతల పుస్తకం) రాశాను గానీ, ఆ రోజు చూసింది మరే పనిలోనూ చూడలేదు.

వకీలు గారూ, ఖర్చు పెట్టేవాళ్లు వేరు, లెక్క అడిగేవాళ్లు వేరుగా ఉండాలని మీరు చెప్పిన అధికారాల విభజన సిద్ధాంతంగా సరైనదే. కాదనను. కానీ పథకాలన్నీ ఢిల్లీలోనో అమరావతిలోనో కూర్చుని కొలతలు పెట్టి చేస్తారు. ఆ కొలతల మధ్య సందుల్లో పడిపోయే ఊళ్లుంటాయి. 340 మంది ఉన్న కాలనీలు, వంద మీటర్ల గోడలు, శ్మశానానికి దారి, హాస్టలుకి బోరు. వాటి కోసం ఎక్కడో ఒకచోట షరతులు తక్కువ ఉన్న డబ్బు కొంత ఉండాలి. ఎంపీ నిధుల విలువంతా నాకు అక్కడే కనిపిస్తుంది.

ఇందులో చెడ్డ కూడా నేనే చూశాను, దాచను. అదే మండలంలో అయిదు కిలోమీటర్ల దూరంలో ఒక కమ్యూనిటీ హాలు కట్టించాం. ఊరివాళ్లు అడగలేదు. ఒక నాయకుడి మాట మీద లెటర్ వచ్చింది. ప్రారంభోత్సవం రోజు షామియానా వేశారు, ఫలకం మీద గుడ్డ తీశారు. రెండేళ్ల తర్వాత వేరే పని మీద వెళ్తే తలుపుకి తాళం, కిటికీ రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. లోపల చూస్తే ఎవరివో మిరప బస్తాలు. కరెంటు మీటరు తీసేశారు, బిల్లు కట్టేవాళ్లు లేక. తాగునీటి ప్లాంట్ల సంగతి ఇంకా బాధాకరం. మిషను పెట్టడానికి డబ్బు వస్తుంది, మూడేళ్లకి నీళ్లు వడగట్టే మెంబ్రేన్ మార్చడానికి రాదు. పాత మార్గదర్శకాల్లో మరమ్మతులు నిషేధిత జాబితాలో ఉండేవి. కట్టిన ఆస్తిని వాడుకునే సంస్థే చూసుకోవాలి అని ఒప్పుకోలు కాగితం తీసుకునేవాళ్లం. ఆ కాగితం మీద సంతకం పెట్టిన సర్పంచ్ మారిపోతే ఇక ఎవరిని అడగాలి?

కల్వర్టుకి డబ్బిచ్చింది ఎంపీ నిధే, హాలుకీ అదే నిధి. ఇంజనీరునీ నేనే. తేడా ఒక్కటే. కల్వర్టు ఆ వాగు దాటేవాళ్లు ఏడేళ్లు అడిగి అడిగి తెచ్చుకున్నది. హాలు ఒకరి నోటిమాటతో వచ్చింది. కాబట్టి నా మాట ఇది: డబ్బు కోయొద్దు, ఆ లెటర్ పుట్టే చోటు మార్చండి. గ్రామసభ తీర్మానం చేసిన పనుల జాబితా మండలంలో ఉండాలి, ఎంపీ అందులోంచే ఎంచుకోవాలి, జాబితాలో లేని పనికి సిఫారసు చెల్లకూడదు. అంత చిన్న నియమం పెడితే ఆ హాలు కట్టేవాళ్లమే కాదు.

సర్పంచమ్మ జవాబు:

ఏఈ గారికి నమస్కారం సార్. నేను 2021లో సర్పంచ్‌గా గెలిచాను. మా ఊరు 2,300 జనాభా. మీ కల్వర్టు సంగతి చదువుతుంటే మా ఊరి వాగే కళ్ల ముందు కనిపించింది. అయినా ఒక మాట అడగాలని ఉంది. ఆ ఏడేళ్లూ ఆ కాలనీవాళ్లకి ఏం కావాలో వాళ్ల పంచాయతీకి తెలుసు కదా. డబ్బు పంచాయతీ దగ్గరే ఉంటే అన్నేళ్లు ఎందుకు ఆగాలి?

73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది 1993 ఏప్రిల్‌లో. 29 విషయాలు పంచాయతీలకి అప్పగించవచ్చని పదకొండో షెడ్యూల్‌లో రాసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో ఎంపీ నిధులు వచ్చాయి. ఒక చేత్తో ఊరికి అధికారం ఇచ్చి, ఇంకో చేత్తో ఊరి పనికి ఎంపీ గారి లెటర్ కావాలన్నట్టుగా నాకు అనిపిస్తుంది. మా ఊళ్లో ఒక సీసీ రోడ్డు ఎంపీ నిధుల్లో వేస్తే, శంకుస్థాపన ముందు రోజు సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది. ఎక్కడ వేస్తున్నారో అప్పుడే తెలిసింది. ఆ రోడ్డు కింద నుంచి తాగునీటి పైపు పోతోంది. ముందే చెప్పి ఉంటే పైపు పక్కకి జరిపేవాళ్లం. ఇప్పుడు పైపు లీకైనప్పుడల్లా కొత్త రోడ్డే పగలగొడుతున్నాం.

లెక్క కూడా చెబుతాను. మా పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు, అంటే ఆ సంఘం చెప్పిన లెక్కన కేంద్రం పంచాయతీలకి ఇచ్చిన డబ్బు, ఏడాదికి 9 లక్షలు దాటలేదు. అందులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. మిగిలింది 3 లక్షల 60 వేలు. కాల్వగట్టు తమ్ముడు చెప్పిన గోడకి మూడేళ్లు ఏ పనీ చేయకుండా దాచినా చాలదు. ఒక ఏడాది మా ఖాతాలో పడిన డబ్బు మాకు చెప్పకుండానే పాత కరెంటు బకాయిల కింద తీసేసుకున్నారు. నేను పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే, రాత్రికి రాత్రే ఖాళీ అయిందమ్మా అని మేనేజరు గారు చెప్పారు. మెట్ల మీద కూర్చుండిపోయాను. బ్లీచింగ్‌కి కూడా అప్పు తెచ్చాను.

అందుకే ఎంపీ నిధులు రద్దు చేయండి అని గట్టిగా అనలేకపోతున్నాను. రద్దు చేసిన డబ్బు మా ఊరికి వస్తుందని నాకు ఎవరూ హామీ ఇవ్వరు. 2020లో ఆపిన డబ్బు పైకే వెళ్లింది, కిందకి రాలేదు. మాకు పంపే పనైతే రేపే రద్దు చేయమంటాను.

పెన్సిల్వేనియా తెలుగోడు జవాబు:

నేను ఇక్కడ ఒక చిన్న టౌన్‌షిప్‌లో నీటి సరఫరా ఇంజనీరుగా చేస్తున్నాను, సొంతూరు తెనాలి దగ్గర. ఈ తగువు ఇక్కడా ఉంది కాబట్టి రెండు మాటలు.

అమెరికాలో ఎంపీకి ఇంత అని సమానంగా ఇవ్వరు. సభ్యుడు ఫలానా ఊళ్లో ఫలానా పనికి ఇంత అని బడ్జెట్ బిల్లులోనే రాయించుకుంటాడు. ఇయర్‌మార్క్ అంటారు. బడ్జెట్ కమిటీల్లో పాతుకుపోయినవాళ్లకి ఎక్కువ, కొత్తవాళ్లకి తక్కువ. ఆ విషయంలో మన పద్ధతే నయం, అందరికీ ఒకే 5 కోట్లు. 2005లో అలాస్కాలో యాభై మంది ఉండే గ్రవీనా దీవికి వంతెన కోసం 22 కోట్ల డాలర్లకు పైగా కేటాయిస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది. అదే ఏడాది డ్యూక్ కనింగ్‌హామ్ అనే సభ్యుడు రక్షణ కాంట్రాక్టర్ల దగ్గర 24 లక్షల డాలర్ల లంచం తిన్నట్టు ఒప్పుకుని జైలుకి పోయాడు. చివరికి 2011లో ఇయర్‌మార్కులు మొత్తం ఆపేశారు.

పదేళ్లు ఆపాక ఏమైంది? మొత్తం ఖర్చేమీ తగ్గలేదు. ఆ డబ్బు చాలావరకు ఉన్న పద్దుల్లోంచి కేటాయించేదే కాబట్టి, ఎక్కడ ఖర్చు పెట్టాలో సభ్యుడి బదులు శాఖల అధికారులు చెప్పారు. గ్రాంట్ల కోసం పోటీ పడి దరఖాస్తు రాయగలిగే పెద్ద నగరాలకి కన్సల్టెంట్లు ఉంటారు. మా టౌన్‌షిప్‌లో ఆ పని చేసేది నేనూ, ఒక గుమస్తా. 2021లో మళ్లీ తెచ్చారు, ఈసారి పగ్గాలు వేసి. ప్రతి అభ్యర్థన సభ్యుడి వెబ్‌సైట్‌లో అందరికీ కనబడాలి, ఆ పనిలో తనకీ తన కుటుంబానికీ ఆర్థిక లాభం లేదని రాసివ్వాలి, లాభాపేక్ష ఉన్న కంపెనీలకి ఇవ్వకూడదు, మొత్తం కలిపి విచక్షణ ఖర్చులో, అంటే ఏటా సభ కొత్తగా మంజూరు చేసే ఖర్చులో, 1 శాతం దాటకూడదు.

మా ఊళ్లో వందేళ్లు దాటిన ఇనుప పైపు ఒకటుంది. చలికాలం పగిలితే తెల్లవారుజామున మంచులో గొయ్యి తవ్వాలి. దాన్ని మార్చడానికి మా సభ్యుడు పెట్టిన అభ్యర్థన 2025 బడ్జెట్ జాబితాలో చేరింది. డిజైన్ కూడా చేయించుకున్నాం. 2025 మార్చిలో పూర్తి బడ్జెట్ బదులు పాతదాన్నే ఏడాదంతా పొడిగించారు, స్థానిక పనులన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. ఎవరూ మా పని అనవసరమని అనలేదు. అసలు ఎవరూ దాన్ని చూడలేదు. మంచి పనినీ చెడ్డ పనినీ వేరు చేయడానికి ఓపిక లేక మొత్తం కోసేస్తే ఇలాగే ఉంటుంది. కాల్వగట్టు గారి గోడ సంగతి చదివి నాకు కడుపు మండింది.

పాత ఏఈ మళ్లీ:

సర్పంచమ్మ గారూ, ఆ పైపు మీద రోడ్డు వేసిన తప్పు మా ఇంజనీర్లది కూడా. కొలతలకి వచ్చినప్పుడు పంచాయతీలో ఒక మాట అడిగి ఉంటే పోయేది. మీకు ముందు రోజు సాయంత్రం ఫోన్ చేశారంటే నాకు సిగ్గుగా ఉంది.

ఒక్క చోట మాత్రం మీతో విభేదిస్తాను. ఈ 5 కోట్లూ విడగొట్టి నేరుగా పంచాయతీలకి పంపితే మీకొచ్చేది ఏడాదికి లక్ష లోపు. దానితో వంద మీటర్ల గోడ లేవదు, నా కల్వర్టూ లేవదు. ముక్కలు చేయకుండా ఒకచోట ఉంటేనే ఈ ఏడాది మీ ఊరికి 10 లక్షలు, వచ్చే ఏడాది పక్క ఊరికి 10 లక్షలు ఇవ్వగలం. ఎవరి వంతు ముందు అన్నది తేల్చడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎంపీ కావొచ్చు, మండల పరిషత్ కావొచ్చు, నాకు పట్టింపు లేదు. ఊళ్ల జాబితా ఎదురుగా పెట్టుకుని, అందరూ చూస్తుండగా తేల్చాలి, అంతే. 2023 ఏప్రిల్ నుంచి సిఫారసులు ఈసాక్షి అనే పోర్టల్ మీదకి వచ్చాయి. డబ్బు జిల్లా ఖాతాలో నెలల తరబడి పడుకోవడం కూడా అప్పటి నుంచి ఆగింది. అదే పోర్టల్‌లో గ్రామసభ తీర్మానం జత చేయాలని ఒక గడి పెట్టడం ఎంత పని?

వకీలు గారు అడిగిన దానికీ జవాబు ఇక్కడే ఉందనుకుంటాను. తీర్మానం ఉంటే నిలదీసేది గ్రామసభ.

గుంటూరు వకీలు:

గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేస్తే నా అభ్యంతరాల్లో సగం పోతాయి, ఒప్పుకుంటున్నాను. ఫలకం మాత్రం తీసేయాలి. ప్రజల డబ్బుతో కట్టిన దాని మీద ఊరి పేరు చాలు.

కాల్వగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి బాబాయికీ నాన్నకీ ఇదంతా చదివి వినిపించాను. బాబాయి ఇంకా రద్దే అంటున్నారు గానీ, డబ్బు పంచాయతీకి వస్తేనే అని ఒక మాట చేర్చారు. ఏఈ గారూ, అక్టోబరు 2 గ్రామసభలో మా గోడ మీద తీర్మానం పెట్టిస్తాను. హెడ్మాస్టరు గారితో మాట్లాడాను. పాత ఎస్టిమేట్ జిరాక్స్ ఆయన బీరువాలో దొరికింది. ఆ తర్వాత ఏం చేయాలి?

పాత ఏఈ:

ఆ జిరాక్స్ జాగ్రత్త, కొలతలు అందులోంచే తీసుకోవచ్చు, రేట్లు మాత్రం ఇప్పటి ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ రేట్ల పట్టిక) ప్రకారం మళ్లీ వేయించాలి. తీర్మానం పెట్టే ముందే ఒక పని చెయ్యి బాబూ. బడి హద్దు ఎక్కడ ఆగుతుందో, కాల్వ గట్టు హద్దు ఎక్కడ మొదలవుతుందో మండల సర్వేయర్‌తో కొలిపించి రాళ్లు పాతించు. గట్టు వైపు గోడ అంటే నీటిపారుదల శాఖ ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం అడుగుతారు. ఇలాంటి పనులు ఎక్కువగా ఆగేది ఆ కాగితం దగ్గరే, మీది ముందోసారి అక్కడిదాకా కూడా రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తీర్మానంలో గోడ పొడవు, సర్వే నంబరు, బడిలో ఎంతమంది పిల్లలున్నారో రాయించు. మరమ్మతు బాధ్యత పంచాయతీ తీసుకుంటున్నట్టు ఒక వాక్యం అందులోనే చేర్పించు.

ఇంకొకటి, కాల్వలో నీళ్లున్నప్పుడు అక్కడ పునాది తీస్తే గోతిలోకి ఊట వచ్చేస్తుంది, కాంక్రీటు నిలవదు. కాల్వ కట్టేశాక వేసవిలోనే తీయాలి. ఆ లెక్కన మంజూరు కాగితం ఫిబ్రవరికల్లా చేతికి రావాలి. సర్వే అయ్యాక స్కెచ్ ఇక్కడ పెట్టు, పునాది ఎంత లోతు పోవాలో నేను చూసి చెబుతాను.